నిరాడంబరతకు ఒక చిన్న కారు

పొదుపు శాఖ మంత్రిగారు ఉన్న కార్లన్నీ అమ్ముకుని ఒక పాత డొక్కు కారు కొనుక్కుంటున్నారట అని ఎదురింటి పిన్నిగారు పక్కింటి కోడలితో అంది. పక్కింటి కోడలు ఆ మాటకి తనవంతుగా, అప్పులవాళ్ళు ఇంటి మీద పడితేనేనట అని ఒక ముక్క అతికించి, గోడ మీంచి ఆ మంత్రిగారి పీయే భార్యకి అందించింది. పీయే భార్య దాన్ని వేడివేడిగా మోసుకొచ్చి, అద్దం ముందు చొక్కా గుండీలు పెట్టుకుంటున్న మొగుడి ముందు పడేసింది.

"మీ మంత్రిగారు చితికిపోయారటగా?"

"ఎవరన్నారు?"

"ఎవరనలేదో అడగండి. ఆయన పక్కనే పడుండే మీకు తప్ప వీధి వీధంతా తెలుసు."

పీయే గుండీ తప్పుగా పెట్టుకున్నాడు. మంత్రిగారు చితికిపోలేదని అతనికి తెలుసు. ఈ గొడవంతా తన చేతిరాత వల్లే వచ్చిందనీ తెలుసు. ఆ రెండో సంగతి భార్యకి ఎలా చెప్పాలన్నదే తెలియడం లేదు.

మంత్రిగారిలో ఒక గొప్ప గుణం ఉంది. తన ప్రసంగాన్ని ఆయన ముందుగా చదవరు. ముందే చదివితే తాజాదనం చచ్చిపోతుందంటారు. అందువల్ల ప్రభుత్వ విధానం ఏమిటో జనానికి ఏ క్షణంలో తెలుస్తుందో మంత్రిగారికీ సరిగ్గా ఆ క్షణంలోనే తెలుస్తుంది. పాలకుడికీ ప్రజలకీ మధ్య ఇంతటి సమానత్వం మరే శాఖలోనూ లేదు. ఆ ప్రసంగాలు రాసేది పీయే.

ఈసారి రాయడానికి కూర్చున్నప్పుడు పీయే బుర్ర నిండా కారుంది. అతని తల్లి స్కూటరు మీంచి పడి తుంటి విరగ్గొట్టుకుంది. ఎముకైతే అతికింది గాని కాలు మాట వినడం లేదు. వారం వారం ఆసుపత్రికి తెచ్చి వ్యాయామం చేయించకపోతే ఆ కాలు అలాగే బిగుసుకుపోతుందని డాక్టరు ఖండితంగా చెప్పాడు. స్కూటరెక్కే ప్రసక్తే లేదని అంతకంటే ఖండితంగా తల్లి చెప్పింది. అద్దె బండివాళ్ళు సందు మొదట్లోనే ఆగిపోయి, ముసలావిడని మోసుకు రమ్మంటారు. ఇక మిగిలింది తన జీతానికి తగ్గ పాత చిన్న కారు.

పీయే కారు చూసే పద్ధతి ఊళ్ళో ఎవరికీ లేదు. ఇంజను చూడడు, టైర్లు చూడడు. అమ్మని తీసుకెళ్ళి పక్కన నిలబెట్టి, "ఎక్కమ్మా" అంటాడు. ఎవరూ చెయ్యి పట్టుకోకుండా ఆవిడ ఎక్కి, కూర్చుని, మళ్ళీ తనంతట తనే దిగాలి. ఒక కారు గుంటలోకి దిగినట్టుందని కాదంది. ఇంకోదాని తలుపు తన నడుం కంటే సన్నగా ఉందంది. మరోదాంట్లో ఎక్కింది గాని, దింపడానికి ఇద్దరు కావలసి వచ్చారు. చివరికి రిటైరైన నర్సమ్మగారి కారు దొరికింది. పొట్టిగా, కాస్త ఎత్తుగా, డబ్బాలా ఉంటుంది. అమ్మ అందులో కూర్చుని, కాళ్ళు చాపుకుని, అద్దం దించి, వీధిని తేరిపార చూసి నవ్వింది. పడ్డాక ఆవిడ నవ్వడం అదే మొదలు.

"ఎవరెంతిచ్చినా ఇవ్వను నాయనా. ఈ కారు ఆవిడదే. డబ్బు సర్దుకున్నాకే వచ్చి తీసుకెళ్ళు" అంది నర్సమ్మ.

ఆ సాయంత్రమే పీయే పొదుపు గురించి ప్రసంగం రాశాడు. మొదటి రెండు పేరాలూ పొదుపు మీదే నడిచాయి. మూడో పేరాలో చెయ్యి జారింది. "నిజానికి మనిషికి కావలసింది పెద్ద కారు కాదు. చిన్నది, పాతదైనా ఇంజను గట్టిది, పెట్రోలు తక్కువ తాగేది, పెద్దవాళ్ళు సులువుగా ఎక్కి దిగగలిగేది. ఇకనుంచి నేను అలాంటి కారులోనే తిరుగుతాను." ఇంటికెళ్ళి భార్యకి చెప్పాలని మనసులో కూర్చుకున్న మాటలవి. కాగితం మీదికి ఎప్పుడు దిగాయో అతనే గమనించలేదు.

మర్నాడు మంత్రిగారు సభలో ఆ పేరా ఉరుములా చదివారు. "ఇకనుంచి నేను" అన్నచోట గొంతు మరింత పెంచారు. వాక్యం పూర్తయ్యాక దాని అర్థం మెల్లగా ఆయనకి చేరింది. అప్పటికే జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. మంత్రిగారు కూడా కాసేపు కొట్టారు.

సభ ముగిశాక గదిలోకి పిలుపొచ్చింది.

"రాసింది నువ్వేనా?"

"నేనే సార్."

"ఎంత బాగా రాశావయ్యా! మా ఆవిడ అప్పటి నుంచి నాతో మాట్లాడటం లేదు."

"పొరపాటు సార్. ఖండన ఇచ్చేద్దామా?"

"ఖండనా! పార్టీ పెద్దాయన ఫోన్ చేశారు. టీవీలో చూసి కళ్ళు తుడుచుకున్నారట. ఇప్పుడు వెనక్కెళ్తే ఆ కన్నీళ్ళకి జవాబెవరు చెప్తారు? కారు కొనండి."

"ఎవరు సార్?"

"రాసినవాడు."

అయితే ప్రభుత్వంలో ఒక్కడు ఏ పనీ చెయ్యడానికి వీల్లేదు గనక నిపుణుల కమిటీ వేశారు. అధ్యక్షుడు వంతెనల ఇంజనీరు. ఆయన కట్టిన వంతెనల మీద కార్లు వెళ్ళేవి గనక కార్ల సంగతి ఆయనకి తెలిసే ఉంటుందని మంత్రిగారి తర్కం. పాత కార్లు ఎక్కడున్నా కమిటీ అక్కడికి చేరుకోవాలి కదా, దానికోసం కొత్త పెద్ద కార్లు కొన్నారు.

మొదటి కారు నిగనిగలాడుతోందని ఇంజనీరు తిరగ్గొట్టాడు. "పాతదని జనం నమ్మాలి కదా!" రెండోదానికి సొట్టలున్నాయి గాని, అవి కావాలని కొట్టించిన సొట్టల్లా ఉన్నాయన్నాడు. మూడోది ప్రతిపక్షం రంగు. నాలుగోది చూసి పీయేకి ప్రాణం లేచొచ్చింది. తాళం తిప్పగానే మొదటిసారే స్టార్టయింది.

"అదే దాని లోపం" అన్నాడు ఇంజనీరు.

"లోపమేంటండీ?"

"పాత కారంటే ఆగాలి. ఆగితే జనం తోయాలి. తోస్తేనే ప్రజాభాగస్వామ్యం. ఇది వాళ్ళకి అవకాశమే ఇవ్వడం లేదు."

ఈలోగా మంత్రిగారి అనుచరులంతా నిరాడంబరులైపోయారు. నాయకుడి కంటే వెనకబడితే టిక్కెట్టు రాదని భయం. దొరికిన ప్రతి పాత చిన్న కారూ కొనేశారు. ఒక్కొక్కరూ రెండేసి, మూడేసి. పెరట్లో కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్న కారుని కూడా కోళ్ళతో సహా ఎత్తుకుపోయారు. కార్ల బ్రోకరు కొత్త ఇంటికి పునాది తీశాడు. పాత చిన్న కారు ధర కొత్త పెద్ద కారు ధరని దాటిపోయింది. పొదుపు ఉద్యమం ఊపందుకుందని పత్రికలు రాశాయి.

ఊరంతా గాలించినా ఇంకా అమ్ముడుపోకుండా ఒక్కటే మిగిలింది. నర్సమ్మ ఇంటి ముందు. ఆ సంగతి పీయే గుండెల్లో దాచుకున్నాడు. జీతం మీద అప్పు అడిగాడు, అది అందగానే వెళ్ళి తెచ్చుకుందామని.

"కారెప్పుడొస్తుందిరా?" అని తల్లి మంచం మీంచి అడిగేది.

"వస్తుందమ్మా, ఈ వారంలోనే."

"ఆసుపత్రికి రెండుసార్లు ఎగ్గొట్టాం. కాలు కర్రలా అయిపోతోంది. ఆ నర్సమ్మకి విసుగొచ్చి ఎవరికైనా ఇచ్చేస్తుందేమో."

"ఇవ్వదు. మాటిచ్చింది."

"ఆవిడిచ్చింది సరే. నువ్వూ ఇచ్చావు, గుర్తుందా?"

మర్నాడు కమిటీ చేతులెత్తేసింది. మంత్రిగారు కళ్ళజోడు తీసి, పీయేని పైనుంచి కింది దాకా చూశారు.

"మరి నువ్వు రాసిన కారెక్కడుంది?"

"అది ఊహించి రాశాను సార్."

"నీకు ఊహా? ఇన్నేళ్ళుగా నీ ప్రసంగాలు చదువుతున్నానయ్యా. నీకు ఊహ లేదు. ఎక్కడో చూశావు. ఎక్కి కూర్చున్నావు కూడా."

మంత్రిగారు మెత్తగా, ఇంట్లోవాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడారు. "పాపం, నీ బదిలీ ఫైలు నా బల్ల మీదే ఉంది. కొండల అవతలి ఆఫీసు. అక్కడ ఆసుపత్రి లేదంటున్నారు. ఇంట్లో పెద్దావిడ ఉందని విన్నాను."

పీయే మంజూరైన అప్పు డబ్బు పట్టుకుని నర్సమ్మ ఇంటికెళ్ళాడు. మంత్రిగారి పేరెత్తలేదు. నర్సమ్మ తాళం చేతిలో పెట్టి, కారు మీద దుమ్ము కొంగుతో తుడిచింది. "బ్రేకు మెల్లగా తొక్కు నాయనా. పెద్దావిడ ముందుకు తూలుతుంది" అంది. పీయే బ్రేకు మెల్లగానే తొక్కుతూ మంత్రిగారి బంగళాకి తీసుకెళ్ళాడు.

మంత్రిగారు భారీ మనిషి. ముందు భుజం, తర్వాత తల, ఆ తర్వాత ఒక అంగరక్షకుడి సాయంతో మిగతా శరీరం లోపలికి వెళ్ళాయి. ఇక గాలికి తప్ప ఎవరికీ చోటు మిగల్లేదు. ముందు నాలుగు పెద్ద బండ్లు, వెనక నాలుగు పెద్ద బండ్లు పెట్టి బంగళా చుట్టూ తిప్పి చూశారు. వాటి మధ్య చిన్న కారు కనిపించనే లేదు.

"నేనున్నట్టే తెలియడం లేదు!" అని లోపలినుంచి మంత్రిగారి గొంతు.

ఇంజనీరు దీర్ఘంగా ఆలోచించాడు. "సార్, నిరాడంబరత నలుగురికీ కనబడాలి. కనబడకపోతే అది వట్టి లేమి. కారుని లారీ మీద పెడదాం."

మంత్రిగారు ఆ మాటని కాగితం మీద రాయించుకున్నారు.

కారుని లారీ మీదికెక్కించారు. లారీ నడుస్తుంటే కారుకి ఇంజనెందుకన్నాడు ఇంజనీరు. ఊడబీకి, ఆ ఖాళీలో ఏసీ యంత్రం పెట్టించాడు. వెనకసీటు తీసేసి మంత్రిగారి సీటుని వెడల్పు చేయించాడు. పైన స్పీకర్లు బిగించారు. ఈ కారు ఇకపై ఒక్క చుక్క పెట్రోలు కూడా తాగదని పత్రికలవారికి ప్రకటన ఇచ్చారు. ప్రపంచంలో ఇంత పొదుపైన కారు లేదని ఆ ప్రకటనలో ఉంది. రాసింది పీయే. నిజమే రాశాడు.

ఇంటి దగ్గర భార్య నిలదీసింది. "నర్సమ్మ తాళం ఇచ్చేసిందట. కారేది?"

"ఆఫీసు పని మీద ఉంది."

"ఆఫీసు పనికి మీరు చాలరూ? అది కూడానా? రేపు అత్తయ్యని ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. రేపు కూడా మానేస్తే ఇక రావద్దన్నాడు డాక్టరు."

"అద్దె బండి పిలువు" అన్నాడు పీయే, గోడ వైపు తిరిగి.

మర్నాడు నిరాడంబర యాత్ర మొదలైంది. యాత్రకి అడ్డం రాకుండా ఊళ్ళో బండ్లన్నీ ఆపేశారు. అద్దె బండ్లూ, బస్సులూ ఎక్కడివక్కడే నిలిచిపోయాయి. ముందు పోలీసు జీపులు, వాటి వెనక బ్యాండు, దాని వెనక కొత్త పెద్ద కార్లలో కమిటీ. మధ్యలో లారీ, లారీ మీద కారు, కారులో మంత్రిగారు. కారు పక్కన నిలబడి, అద్దంలోంచి మంత్రిగారి నోటి దగ్గర మైకు పట్టుకున్న మనిషి పీయే. జనం చప్పట్లు కొట్టారు. కొందరు తోద్దామని ముందుకొచ్చి, ఎక్కడ తొయ్యాలో తెలియక లారీని నిమిరి వెళ్ళిపోయారు.

ఆసుపత్రి వీధి మలుపు తిరుగుతుండగా మంత్రిగారి దృష్టి రోడ్డు పక్కకి పడింది. ఒక ముసలావిడ కర్ర పట్టుకుని, కోడలి భుజం మీద చెయ్యేసి, ఒక్కో అడుగూ ఈడ్చుకుంటూ వస్తోంది. నాలుగడుగులకోసారి ఆగి ఊపిరి తీసుకుంటోంది.

"ఆపండి, ఆపండి! సామాన్యులు!" అన్నారు మంత్రిగారు. కెమెరాలన్నీ అటు తిరిగాయి. "ఏమయ్యా, ఆ పెద్దావిడకి మైకు అందించు."

పీయే కదల్లేదు.

"నీకే చెప్తున్నా. వంగు."

పీయే లారీ అంచున మోకాళ్ళ మీద కూర్చుని, వంగి, మైకున్న చెయ్యి కిందికి చాచాడు. అతని భార్య అతని మొహం వంక చూసి, తల పక్కకి తిప్పుకుంది. తల్లి మాత్రం కళ్ళు చిట్లించి మైకునీ, దాన్ని పట్టుకున్న చేతినీ, పైన కూర్చున్న కారునీ వరసగా చూసింది.

మంత్రిగారు అద్దంలోంచి తల బయటపెట్టి, ఊరంతా వినబడేలా అరిచారు. "పెద్దమ్మా! ఈరోజు నుంచి నేనూ మీలాగే పాత చిన్న కారులో తిరుగుతున్నాను! మీకెలా ఉంది?"

ఆవిడ కర్రని ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది. మైకు దగ్గరికి నోరు పెట్టింది.

"మా కారు మీరెక్కారు బాబూ. మేం నడిచిపోతున్నాం."