వీడ్కోలు రిహార్సల్

పొద్దున్నే ఇంట్లోవాళ్ళ కళ్ళజోళ్ళు తుడిచి బల్ల మీద వరసగా పెట్టడం పిచ్చుక పని. మాట తక్కువ మనిషైనా ఇంట్లో ఆమెకు స్థిరపడిన పేరు అదే. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే తన ఇంట్లో అమ్మ మసకమసకగా చూస్తే పరువు తక్కువని ఆమె ఉద్దేశం. ఆ రోజు అమ్మ కళ్ళజోడు తుడవడానికి మామూలు కంటే చాలాసేపు పట్టింది. సాయంత్రం విమానం. ఏడాది పాటు పరాయి దేశంలో ఉండి కొత్త రకం అద్దాల పని నేర్చుకోవాలి.

వెళ్తానన్న నమ్మకం మాత్రం ఆమెకే లేదు. రెండేళ్ళ కిందట ఇలాంటి అవకాశమే వచ్చింది. పెట్టె ఆఖరి మెట్టు దాకా వెళ్ళింది. అమ్మ బావురుమంది. పెట్టె మళ్ళీ అటకెక్కింది, పిచ్చుక బదులు దుకాణం యజమాని బావమరిది విమానమెక్కాడు. ఈసారి కూడా ఆగిపోతే మళ్ళీ అడగనని యజమాని ముందే చెప్పేశాడు.

"ఆ సంగతి నాకొదిలెయ్యండి," అన్నాడు మావయ్య, కళ్ళజోడు పెట్టుకుంటూ. ఆయన విదేశాలకు వెళ్ళే పార్సిళ్ళకు ముద్రలు కొట్టి కొట్టి రిటైరైన మనిషి. ఆ దేశాలన్నీ తనే తిరిగొచ్చినట్టు మాట్లాడతాడు. "దూరప్రయాణానికి నేనిచ్చే సలహా ఒక్కటే. వీడ్కోలుకు ముందే రిహార్సల్ వేసుకోవాలి. ఉన్న ఏడుపంతా పొద్దున్నే ఏడ్చేస్తే సాయంత్రానికి మిగలదు."

"ఏడుపేమన్నా బిందెలో నీళ్ళా అన్నయ్యా, ఒంపేస్తే అయిపోవడానికి?" అంది అమ్మ.

"చేసి చూడవే, నీకే తెలుస్తుంది. ఏమ్మా పిచ్చుకా, పెట్టె గేటు బయట పెట్టు. పాస్‌పోర్టు కూడా అందులోనే పడెయ్. అంతా నిజంలా ఉండాలి."

పెట్టె గేటు బయటికి చేరింది. పిచ్చుక మెట్లు దిగింది. అమ్మ మొదట మొహమాటంగా ముక్కు ఎగబీల్చి, ఆనక నిజంగానే అందుకుంది. ఆ ధాటికి వీధిలో కిటికీలు తెరుచుకున్నాయి. పక్కింటి డ్రైవింగ్ మాస్టారు చొక్కా గుండీలు పెట్టుకుంటూ పరుగున వచ్చాడు. సాయంత్రం విమానాశ్రయంలో దింపుతానని మాటిచ్చింది ఆయనే. ప్రయాణం ముందుకు జరిగిందనుకున్నాడు. ఏడుస్తున్నవాళ్ళను కదిలించడం మర్యాద కాదని, చప్పుడు చెయ్యకుండా పెట్టెను తన కారులోకి ఎక్కించి, స్టీరింగ్ ముందు కూర్చున్నాడు.

ఇక్కడ మెట్ల మీద మావయ్యకు చెల్లెలి నటన నచ్చలేదు. "అలా కాదే! చెయ్యి అంత నీరసంగా ఊపితే పిల్ల బెంగపెట్టుకోదూ? ఇదిగో, ఇలా పైకెత్తి, హుషారుగా!" అని వీధివైపు తిరిగి రెండు చేతులూ ఊపాడు.

మాస్టారు అద్దంలో చూశాడు. సామాను ముందు తీసుకెళ్ళమంటున్నారు, మనుషులు వెనక ఇంకో బండిలో వస్తారు కాబోలు అనుకున్నాడు. కారు కదిలింది.

"నా పెట్టె!" అంది పిచ్చుక.

"కంగారెందుకే? సందు చివరిదాకా వెళ్ళి వచ్చేస్తాడు. మన కంటే ఆయనే బాగా చేస్తున్నాడు రిహార్సల్."

కారు సందు మలుపు తిరిగింది, రాలేదు. ఫోన్ చేస్తే పలకలేదు. బండి నడిపేటప్పుడు ఫోన్ ముట్టకూడదని శిష్యులకు చెప్పి చెప్పి, సీట్లో కూర్చోగానే దాని నోరు నొక్కేసే అలవాటు ఆయనకు. ఇక మావయ్య సైకిలెక్కాడు. నాలుగు సందుల అవతల మాస్టారి స్కూలు బోర్డున్న కారు ఎదురైతే, చేతులు చాచి అడ్డం నిలబడ్డాడు. అందులో ఉన్నది మాస్టారు కాదు, ఆయన అసిస్టెంటు దగ్గర ఆ రోజే పాఠం మొదలుపెట్టిన ఓ లాయరమ్మ. ఆవిడ బ్రేకనుకుని ఇంకేదో తొక్కింది. కారు పూలకుండీల మీదికీ, మావయ్య కాలవలోకీ వెళ్ళారు. లాయరమ్మ చేత నాలుగు చీవాట్లు తిని, వంకరపోయిన సైకిలును నడిపించుకుంటూ ఆయన ఇల్లు చేరాడు. కళ్ళజోడు ముక్కలు జేబులో గలగలమన్నాయి.

మావయ్య పెరట్లో కాళ్ళు కడుక్కుంటుండగా ఫోన్ మోగింది.

"అమ్మాయ్, నేనూ పెట్టే విమానాశ్రయంలో ఉన్నాం. మీరెక్కడిదాకా వచ్చారు?"

"అక్కడే ఉండండి మాస్టారూ, మీకు దండం పెడతాను, కదలకండి," అని పిచ్చుక ఫోన్ పెట్టేసి, టాక్సీకి కబురు చేసింది. పక్కనే ఉన్న అమ్మ అంతా విన్నది.

కాసేపటికి గేటు ముందు బండి ఆగిన చప్పుడైంది.

"వచ్చాడా మాస్టారు!" పెరట్లోంచి గోడ తడుముకుంటూ వచ్చాడు మావయ్య. కళ్ళజోడు లేకపోతే ఆయనకు ఏ కారైనా ఒకటే. "నే చెప్పలే, సందు చివరిదాకానేనని? పదండి పదండి, మళ్ళీ మొదట్నుంచీ!"

పిచ్చుక చేతిసంచీ భుజాన వేసుకుని మెట్లు దిగింది. ఆఖరి మెట్టు మీద కాలు ఆగింది. రెండేళ్ళ కిందటా అక్కడే ఆగింది. అమ్మ ముందుకొచ్చి ఆ సంచీ పట్టీ సరిచేసింది. తళతళలాడే తన కళ్ళజోడులోంచి టాక్సీ అమ్మకు చక్కగా కనబడుతూనే ఉంది. ఆమె చెయ్యి పైకెత్తి, అన్నయ్య నేర్పినట్టే హుషారుగా ఊపింది.

పిచ్చుక గేటు తీసుకుని వెళ్ళి టాక్సీ ఎక్కింది.

"అద్దీ! ఏడుపు లేదు, పెడబొబ్బ లేదు," అన్నాడు మావయ్య మురిసిపోతూ. "ఇంక పిలువు దాన్ని. ఇంకొక్కసారి చేశామంటే సాయంత్రం అసలు తడబడం."