వేలెత్తితే వినపడినట్టే

పాట వినకుండానే దాని గురించి మాట్లాడగలగడం నాగరికతకు పరాకాష్ఠ అని నా నిశ్చితాభిప్రాయం. నవ్వకండి! విని చెప్పడంలో గొప్పేముంది? చెవులున్న ప్రతివాడూ చెబుతాడు. వినకుండా చెప్పాలంటే అనుభవం కావాలి, గుండె ధైర్యం కావాలి, అన్నిటికీ మించి సెల్‌ఫోన్‌లో ఒక గ్రూపు కావాలి.

నా మాట మీద నమ్మకం లేకపోతే మా చెవిమిషన్ల షాపాయన సంగతి చూడండి. పెద్దవాళ్ళకి వినికిడి పరీక్ష చేసి, చెవిలో మిషన్ అమర్చి పంపడం ఆయన వృత్తి. లీడ్ గిటార్ ఆయన వ్యసనం. తెలియనివారి కోసం ఒక్క ముక్క చెబుతాను. మిగతా బృందమంతా ఒకే వరసను చుట్లు చుట్లుగా వాయిస్తూ ఉంటే, దాని మీద లీడ్ గిటారిస్టు అప్పటికప్పుడు మనసుకు తోచింది పుట్టించి వాయిస్తాడు. దాని పేరే సోలో. ముందుగా రాసుకున్నదేమీ ఉండదు. కుదిరితే ప్రతిభ అంటారు, కుదరకపోతే ప్రయోగం అంటారు. ఎటు చూసినా నష్టం లేని విద్య!

కానీ మనవాడికి ఒక బాధ ఉంది. మొదటి చుట్టు బాగానే నడుస్తుంది. రెండోది ఇంకా బాగుంటుంది. మూడో చుట్టులోకి రాగానే ఎక్కడో తేడా కొడుతుంది. ఎక్కడన్నది అంతు చిక్కదు. వాయించేటప్పుడు తెలియదు, తరవాత రికార్డింగు పెట్టుకుని విన్నా తెలియదు. కాకిపిల్ల కాకికి ముద్దు కదా! ఆ జబ్బేమిటో ఎవరైనా చెబితే చాలు, ఈ జన్మకి ఇంకేమీ అక్కర్లేదనుకున్నాడు.

ముందు ఇంట్లో అడిగాడు. భార్య స్కూల్లో లెక్కల టీచరు. మనవాడు గిటార్ ఒళ్ళో పెట్టుకున్నాడో లేదో, ఆవిడ పక్క గదిలో పేపర్లు దిద్దుకుంటూనే "బాగుందండీ!" అంది.

"ఇంకా మొదలెట్టలేదే!"

"మొదలెట్టాక కూడా బాగానే ఉంటుంది లెండి."

ఇంత ముందుచూపున్న ఇల్లాలు ఎంతమందికి దొరుకుతుంది? అయినా మనవాడికి తృప్తి లేదు. బావమరిదిని కూర్చోబెట్టి మూడు చుట్లూ వినిపించాడు. అతను చివరిదాకా ఓపిగ్గా విని, "బావా, ఈ గిటార్లు ఇదే రంగులో వస్తాయా, వేరే రంగులు కూడా ఉంటాయా?" అన్నాడు.

ఇక ఇంటివాళ్ళతో లాభం లేదని తేలిపోయింది. వాయించేవాళ్ళ మంచిచెడ్డలు వాయించేవాళ్ళే చెప్పాలన్న సదుద్దేశంతో గిటారిస్టులు నడుపుకుంటున్న ఒక గ్రూపులో చేరాడు.

ఆహా, ఏం గ్రూపండీ అది! దాని అధ్యక్షుడు డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు. ఉపాధ్యక్షుడు పళ్ళ డాక్టరు. కార్యదర్శి స్థలాల బ్రోకరు. రూల్స్ రెండే రెండు. ఎదుటివాళ్ళ సోలోలు మూడింటి మీద అభిప్రాయం చెప్పాకే తన సోలో ఒకటి పెట్టుకోవాలి. ఆ అభిప్రాయానికి ముందో మంచి మాట, వెనకో మంచి మాట ఉండాలి, లోపం మధ్యలో ఇరికించాలి.

దీనివల్ల జరిగిన మేలు అంతా ఇంతా కాదు. తన సోలో పెట్టే తొందరలో ఉన్నవాడికి మూడు సోలోలు వినే తీరిక ఎక్కడిది? కనుక ప్రతి సభ్యుడూ ఎవరికైనా సరిపోయే రెడీమేడ్ వాక్యం ఒకటి కుట్టించి పెట్టుకున్నాడు. డ్రైవింగ్ స్కూలాయన "ఫీల్ బాగుంది, కాస్త స్పీడు తగ్గించు, మొత్తానికి సూపర్" అంటాడు. పళ్ళ డాక్టరుకు ఎవరి వాయింపులోనూ చాలినంత నొప్పి కనపడదు. స్థలాల బ్రోకరు స్వరానికీ స్వరానికీ మధ్య ఖాళీ వదలమంటాడు, వదిలినవాణ్ణి ఇంకాస్త వదలమంటాడు.

మనవాడు అన్నిటినీ శిరసావహించాడు. స్పీడు తగ్గించాడు, ఖాళీ వదిలాడు, నొప్పి కోసం తీగల్ని సాగదీసి సాగదీసి ఒకటి తెంపాడు కూడా. మూడో చుట్టు మాత్రం కుక్కతోకలాగే ఉండిపోయింది. మార్పంతా ఇంట్లో వచ్చింది. ఓ రోజు భోజనం దగ్గర నోటి అలవాటుగా "ఫీల్ బాగుంది, ఉప్పులో ఇంకాస్త మెచ్యూరిటీ రావాలి, మొత్తానికి సూపర్" అనేశాడు.

"మీరు తినే పద్ధతి బాగుంది, కంచం కడగడం నేర్చుకోవాలి, మొత్తానికి మంచివారే" అంది లెక్కల టీచరు.

ఆ రోజు నుంచి ఆయన కంచం ఆయనే కడుక్కుంటున్నాడు. అభిప్రాయాల వల్ల మనుషులు బాగుపడరనేవాళ్ళు దీనికేమంటారు?

ఇంతలో గ్రూపు వార్షికోత్సవం వచ్చింది. ఆ రోజు సభ్యులు కొందరు కలిసి స్టేజీ మీద వాయిస్తారు. లీడ్ మాత్రం ఒక్కరిదే. ఎవరు పంపిన సోలో అందరికీ నచ్చితే వాళ్ళకే ఆ యోగం. మనవాడు ఆదివారమంతా తలుపేసుకుని, కంప్యూటర్లో పక్కవాద్యాలు పెట్టుకుని వాయించి, రికార్డు చేసి, పొద్దున్నే షాపుకు వెళ్ళే హడావిడిలో గ్రూపులో పెట్టేశాడు.

మధ్యాహ్నానికల్లా ఫోన్ మోతెక్కిపోయింది! "స్పీడు ఇన్నాళ్ళకు దారికొచ్చింది!" "ఎంత నొప్పి, ఎంత నొప్పి!" "ఖాళీ వదలడమంటే ఇదీ!" మనవాడు మురిసి ముక్కలైపోయాడు. తన గొప్ప తానూ ఓసారి విందామని సాయంత్రం హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాడు. డ్రమ్స్ వినపడ్డాయి. కీబోర్డు వినపడింది. గిటార్ లేదు. మూడు చుట్లూ అయిపోయినా గిటార్ రాలేదు. హడావిడిలో కంప్యూటర్లో తన గిటార్‌ను మ్యూట్ చేసి, వట్టి పక్కవాద్యాలను పంపేశాడు!

నిజానికి ఇలాంటిది ఆయనకు కొత్త కాదు. షాపులో అద్దాల గది ఒకటుంది. తలుపేస్తే లోపలి చప్పుడు బయటికీ, బయటి చప్పుడు లోపలికీ రాదు. అందులో మనిషిని కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించి, సన్నగా ఒక బీప్ వినిపిస్తాడు. వినపడితే వేలెత్తాలి. వినపడలేదని ఒప్పుకోవడం ఎవరికి మాత్రం ఇష్టం? అందుకని కొందరు పెద్దలు ఉజ్జాయింపుగా వేలెత్తేస్తుంటారు. వాళ్ళను పట్టుకోవడానికి మనవాడు అప్పుడప్పుడూ బీప్ ఆపేసి ఊరికే చూస్తాడు. పోస్టుమాస్టరుగా చేసి రిటైరైన తాతగారు ఒకరున్నారు. ఆయనైతే మిషన్ ఆన్ చేయకముందే వేలెత్తి కూర్చుంటారు.

"అలా ఎత్తేస్తే మీకు సరైన మిషన్ ఎలా ఇచ్చేది తాతగారూ?" అని మొత్తుకోవడం మనవాడి నిత్యకృత్యం. ఇప్పుడు గ్రూపంతా వేళ్ళెత్తి కూర్చుంది.

ఒక్క వేలు మాత్రం లేవలేదు. గ్రూపులో కొత్తగా చేరిన నర్సమ్మ ఒకావిడ ఉంది. అడుగున మంద్రస్వరాలతో పాటకు నడక పట్టే బేస్ గిటార్ వాయిస్తుంది. ఆవిడ "మీ గిటార్ వినపడటం లేదండీ, ఫైలు ఒకసారి చూసుకోండి" అని రాసింది. దాని కింద పళ్ళ డాక్టరు "వినడం కూడా ఒక సాధనమ్మా" అని హితవు చెప్పాడు. ముందు మంచి మాట లేదు, వెనక మంచి మాట లేదు, ఇదేం అభిప్రాయమని స్థలాల బ్రోకరు దాన్ని కాస్తా తీసేశాడు.

మనవాడు నిజాయితీపరుడు. వెంటనే అధ్యక్షుడికి ఫోన్ చేశాడు.

"సార్, అందులో అసలు నా గిటారే లేదు."

"అదేనయ్యా మేమందరం అంటున్నది! ఎక్కడా నువ్వు అడ్డం రాలేదు. అహం పోయింది! నాకే ఇంతవరకూ పోలేదు. వార్షికోత్సవంలో లీడ్ నీదే. అచ్చం అలాగే వాయించు, ఏమీ మార్చకు."

లీడ్ నీదే అన్నాక ఇంకెవరు నోరు విప్పుతారు? మనవాడూ మనిషే. కిమ్మనకుండా ఫోన్ పెట్టేశాడు. నర్సమ్మ మాట ఎందుకు తీసేశారని అడగనూ లేదు.

వార్షికోత్సవం నాడు హాలు నిండింది. లెక్కల టీచరు ముందు వరసలో కూర్చుని, మనవాడు స్టేజీ ఎక్కుతుండగానే చప్పట్లు కొట్టేసింది. మనవాడు ప్రాణం పెట్టి వాయించాడు. మొదటి చుట్టు కుదిరింది. రెండో చుట్టుకు జనం ఊగారు. మూడో చుట్టులో ఆ పాత తేడా, పిలవని పేరంటానికొచ్చినట్టు వచ్చి కూర్చుంది.

స్టేజీ దిగగానే పెద్దలు చుట్టుముట్టారు. బాగుంది గానీ రికార్డింగులో ఉన్న లోతు రాలేదన్నాడు డ్రైవింగ్ స్కూలాయన. నొప్పి తగ్గిందన్నాడు పళ్ళ డాక్టరు. "దాంతో పోలిస్తే స్వరాలు కాస్త ఎక్కువయ్యాయి" అన్నాడు స్థలాల బ్రోకరు. ఈ చివరి మాటను మాత్రం ఎంతటివాడూ కాదనలేడు.

స్టేజీ వెనకాల నర్సమ్మ వైర్లు చుడుతోంది. ఆ రోజు బేస్ వాయించింది ఆవిడే. మనవాడు మొహమాటపడుతూనే దగ్గరికి వెళ్ళి, ఎలా ఉందని అడిగాడు.

"మూడో చుట్టు మొదలవగానే తొందరపడిపోతున్నారండీ, వెనక ఎవరో తరుముతున్నట్టు. నేనూ డ్రమ్స్ అతనూ అక్కడే ఉన్నాం. మీరు మమ్మల్ని వదిలేసి వెళ్ళిపోయారు."

అదే! ఇన్నేళ్ళుగా ఊరందరి కాళ్ళూ పట్టుకుని అడుగుతున్నది అదే! మనవాడు ఎగిరి గంతెయ్యాలా, వద్దా? వెయ్యలేదు. మొహం మాడ్చుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ముందొక మంచి మాట చెప్పాలండీ. గ్రూపు రూలు" అన్నాడు.

నర్సమ్మ వైరు చుట్టడం ఆపి నిజంగానే ఆలోచించింది.

"ఈసారి గిటార్ వినపడింది" అంది.

చూశారా! అందుకే వినకుండా చెప్పే అభిప్రాయమే మేలని నేను నెత్తీనోరూ బాదుకునేది. అది ఎవరినీ గుచ్చదు, ఎవరి నిద్రా చెడగొట్టదు. ఇంత కాలం అంత పెద్ద గ్రూపు చేయలేని పని, సరిగ్గా విన్న మనిషి ఒక్కతే చేసింది. ఆ పూట మనవాడికి భోజనం సయించలేదు. ఉప్పు మీద ఏ అభిప్రాయమూ రాకపోయేసరికి లెక్కల టీచరు కంగారుపడి ఒళ్ళు వెచ్చబడిందేమోనని నుదురు పట్టుకు చూసింది.

మర్నాడు షాపు తెరుస్తూనే గిటార్ పట్టుకుని అద్దాల గదిలో దూరి తలుపేసుకున్నాడు. నర్సమ్మ మాట తప్పని తేల్చాలన్నది ఆయన పంతం. వార్షికోత్సవంలో వాయించిన పక్కవాద్యాల రికార్డింగు హెడ్‌ఫోన్స్‌లో పెట్టుకుని మొదలుపెట్టాడు. మూడో చుట్టు రాగానే చెయ్యి పరుగు లంకించుకోబోయింది. ఆగాడు. బేస్ ఎక్కడుందో వెతికాడు. అది ఎటూ పోలేదు, అడుగున నింపాదిగా నడుస్తోంది. మళ్ళీ మొదటి నుంచి వాయించాడు. ఈసారి దాని పక్కనే నడిచాడు. మూడో చుట్టు దానంతటదే పూర్తయింది. ఎక్కడా తేడా లేదు. తన వాయింపు ఎవరూ వినడం లేదని ఇన్నేళ్ళు వాపోయిన పెద్దమనిషి, పక్కవాళ్ళ వాయింపు వినడం అదే మొదటిసారి! ఆ సంగతి తెలిసి సిగ్గేసింది, సంతోషమూ వేసింది.

తలెత్తి చూస్తే, చీమ చిటుక్కుమన్నా బయటికి రానివ్వని ఆ అద్దానికి అవతల పోస్టుమాస్టరు తాతగారు నిలబడి ఉన్నారు. కళ్ళు అరమూసి, తల ఊపుతూ, వేలెత్తి ఉన్నారు.

మనవాడు పగలబడి నవ్వాడు. తాతగారికి దణ్ణం పెట్టి, ఇంకోసారి వాయించి, రికార్డు చేసి, ఇది గ్రూపులో పెట్టకుండా నర్సమ్మకు పంపాడు. కింద ఇలా రాశాడు: "ఈసారి గిటార్ ఉందండీ, చూసుకునే పంపాను. మంచి మాట అక్కర్లేదు. ఎలా ఉందో చెప్పండి."

కాసేపటికి జవాబు వచ్చింది. "డ్యూటీలో ఉన్నానండీ. సాయంత్రం విని చెప్తాను."

విని చెబుతుందట! నాగరికత బొత్తిగా తెలియని మనిషి. ఆ మాట ఇన్నేళ్ళలో మనవాడితో ఎవరూ అనలేదు. సాయంత్రం దాకా ఆయన ఫోన్ చేతిలోంచి కింద పెట్టలేదు.