జానెడు హయాం

"భూమికి ఒక గతం ఉంది. ఆ గతాన్ని ఇకమీదట మా శాఖే చూసుకుంటుంది!" అని సముద్రాల శాఖ మంత్రిగారు ప్రకటించగానే హాలు చప్పట్లతో దద్దరిల్లింది. నిజమే మరి. ఇన్నాళ్లూ గతాన్ని పట్టించుకున్న నాథుడే లేడు. దిక్కూ మొక్కూ లేకుండా సముద్రం అడుగున పడి ఉంది. ఇలాంటి మంత్రిగారు దొరకడం గతం చేసుకున్న అదృష్టం.

నేను సముద్ర పరిశోధన సంస్థలో ప్రెస్ నోట్లు రాస్తాను. పొగడటమే నా ఉద్యోగం. ఈ మంత్రిగారి విషయంలో మాత్రం నాకు పెద్దగా శ్రమ ఉండేది కాదు. ఆ పని ఆయనే చేసుకునేవారు.

మర్నాడే వారు మా చల్లగది చూడటానికి వచ్చారు. అందులో పొడుగాటి గాజు పెట్టెలో, సన్నటి గొట్టాల్లో, ఎనిమిది మీటర్ల బురద బారుగా పడుకుని ఉంటుంది. నడిసముద్రంలో ఓడ ఆపి, అడుగుదాకా గొట్టం దింపి లాగిన బురద అది. తెచ్చింది మా సైంటిస్టు మేడమ్. మేమంతా బురద మేడమ్ అంటాం, ఎదురుగా కూడా. ఆ ఓడలో ఆవిడ తిన్నది తక్కువ, కక్కింది ఎక్కువ.

అంత కష్టపడి తెచ్చిన బురదకు ఇప్పుడు ప్రాణగండం వచ్చింది. గదిని చల్లబరిచే మెషీను ముసలిదైపోయి దగ్గుతోంది. అది కాస్తా ఆగిందంటే బురద ఎండి బీటలు వారుతుంది, బూజు పడుతుంది, పొరలు చెదిరి ఏ కాలం ఏదో తెలియకుండా పోతుంది. కొత్త మెషీను కోసం పంపిన ఫైలేమో మంత్రిగారి ఆఫీసులో హాయిగా నిద్రపోతోంది.

"ఇదేంటమ్మా, ఉత్త బురద!" అన్నారు మంత్రిగారు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని.

"రెండు లక్షల ఏళ్లు సార్," అన్నారు మేడమ్. "ఈ చివర ఇప్పటిది, అటు పోయేకొద్దీ పాతది. సముద్రంలో నలుసంత జీవులుంటాయి. చచ్చాక వాటి గవ్వలు అడుగుకు చేరతాయి. చల్లటి నీళ్లలో బతికేవి వేరు, వెచ్చటి నీళ్లలో బతికేవి వేరు. ఏ పొరలో ఏ గవ్వలున్నాయో చూస్తే ఆ కాలంలో సముద్రం ఎలా ఉండేదో తెలిసిపోతుంది. ఇదిగో, రెండు మూరలు దాటేసరికి మంచుయుగం. ఇరవై వేల ఏళ్ల కిందటిది."

"అవన్నీ సరేగానీ, మా హయాం ఎక్కడ?"

మేడమ్ గొట్టం అంచు చూపించారు. "ఇక్కడ సార్."

"ఎక్కడ?"

"కనిపించదు సార్. వెయ్యేళ్లకు నాలుగు సెంటీమీటర్లు పడుతుంది. మీ ఐదేళ్లంటే రెండు కాగితాల మందం."

మంత్రిగారి మొహం మాడిపోయింది. "ఇన్ని శంకుస్థాపనలు చేశాం, ఇన్ని రిబ్బన్లు కట్ చేశాం, చివరికి రెండు కాగితాలా? ప్రతిపక్షం వాళ్లు చూస్తే నవ్విపోరూ?"

పీఏ ముందుకొచ్చాడు. "మేడమ్, లేయర్ని కాస్త ఎన్‌హాన్స్ చేయలేమా? జానెడు చాలు."

"అది సముద్రం వేసిన పొరండీ. మధ్యలో నేనెవర్ని?"

"మీ మెషీను ఫైలు నా టేబుల్ మీదే ఉంది మేడమ్," అన్నాడు పీఏ, కాఫీ తాగారా అని అడిగినంత మామూలుగా.

మేడమ్ దగ్గుతున్న మెషీను వైపు చూశారు. బురద వైపు చూశారు. ఆవిడకు ఏడుపొస్తోందని నాకు తెలిసింది, ఎందుకంటే నాకూ వచ్చింది. అంతలోనే ఆవిడ మొహం వెలిగింది.

"తప్పకుండా సార్! జానెడు పెట్టుకుందాం. కాకపోతే మీ పొర గాల్లో నిలబడదు కదా. దాని కిందున్న రెండు లక్షల ఏళ్లూ చెక్కుచెదరకుండా చల్లగా ఉండాలి."

"అంటే, మంచుయుగాలన్నీ మాకు పునాది అన్నమాట!"

"మరే సార్."

నిద్రపోతున్న ఫైలు లేచి పరుగెత్తింది. కొత్త మెషీను దిగింది. మంత్రిగారి బంగళా పూలకుండీల్లోంచి మట్టి తెప్పించి, వేరే గొట్టంలో జానెడు కూరి, అసలు బురదకు అంటకుండా మధ్యలో అద్దం ముక్క అడ్డం పెట్టారు మేడమ్. ప్రారంభోత్సవంలో మంత్రిగారి ఉపన్యాసం చరిత్రాత్మకం. "మంచుయుగాల్లో జనం గజగజ వణికారు. అప్పటి పాలకులు ఏం చేశారయ్యా అని నేను సూటిగా అడుగుతున్నాను. మా హయాంలో ఒక్క మంచుయుగమైనా వచ్చిందా?" రాలేదని జనం ముక్తకంఠంతో ఒప్పుకున్నారు.

ఆ తర్వాత ఎన్నికలొచ్చాయి. పునాది గట్టిదేగానీ మంత్రిగారు నిలవలేదు.

కొత్త మంత్రిగారు మేధావి. ఆలోచన వచ్చినప్పుడల్లా తల గోక్కోవడం వారి అలవాటు. ఎప్పుడూ ఏదో ఒక ఆలోచన వస్తూనే ఉండటంతో పాపం ఆ చేతికి తీరికే ఉండేది కాదు. పీఏ మాత్రం పాతవాడే. మంత్రులు పొరలైతే పీఏ గొట్టం.

"గత పాలకుల ఆనవాలు ఇక్కడ ఒక్కటి మిగలడానికి వీల్లేదు!" అన్నారు మంత్రిగారు చల్లగదిలో అడుగుపెడుతూనే.

"వారిది ఈ జానెడే సార్," అన్నారు మేడమ్ గాభరాగా. "మిగతాదంతా రెండు లక్షల ఏళ్లది."

మంత్రిగారు తల గోక్కున్నారు. "అప్పుడు మేం అధికారంలో ఉన్నామా?"

"లేరు సార్."

"మరింకేం! మేం లేని కాలమంతా గత పాలనే. రేపు లారీ వస్తుంది, ఎక్కించేయండి. మెషీను ఉండనీయండి, కొత్తగా ఉంది."

ఆ సాయంత్రం మేడమ్ ఒక్కొక్కరి సీటు దగ్గరికీ వచ్చి, "మీ ఇంట్లో ఫ్రిజ్ ఎంతది?" అని అడిగారు. ఎందుకని ఎవరూ అడగలేదు. బురద మూరెడేసి ముక్కలైంది, ముక్క ముక్కకీ కాలం రాసిన చీటీ పడింది, తడి ఆరకుండా ప్లాస్టిక్ చుట్టుకుని కూరగాయల సంచుల్లో గేటు దాటింది. సెక్యూరిటీ నా సంచి తెరిచి చూసి, "బురదేగా, పోండి సార్," అన్నాడు. మర్నాడు లారీ వచ్చింది. కొత్త బిల్డింగు కోసం తవ్విపోసిన మట్టిని మేం గొట్టాల నిండా కూరి ఉంచాం. గత పాలన అంతా అదేననుకుని సకల మర్యాదలతో తీసుకుపోయారు.

"ఏమండీ, పాలగిన్నె ఎక్కడ పెట్టుకోను?" అంది మా ఆవిడ ఫ్రిజ్ తలుపు తీసి.

"ఆ మంచుయుగాన్ని కాస్త పక్కకు జరుపు."

"మంచుయుగమైతే పైన ఫ్రీజర్లో పెట్టి చావొచ్చుగా!"

"గడ్డకడితే పొరలు చెదిరిపోతాయే. మేడమ్ నన్ను బతకనివ్వరు."

సణుగుతూనే జరిపింది. అలా సణిగిన మనిషే, కరెంటు పోయినప్పుడల్లా పాల సంగతి వదిలేసి ముందు దాన్ని తాకి చూస్తోంది, తడి ఆరిందేమోనని. మా ఆవిడ మీద నాకింత గౌరవం ఇదివరకెన్నడూ కలగలేదు.

ఇక చల్లగదిలో కొత్త మెషీను బ్రహ్మాండంగా పనిచేస్తోంది. గాజు పెట్టె ఖాళీ. "మా పొర ఎప్పుడు పడుతుందమ్మా?" అని కొత్త మంత్రిగారు అడిగితే, "పడుతూనే ఉంటుంది సార్, ఎవరూ కదిలించకూడదంతే," అన్నారు మేడమ్. వెంటనే మంత్రిగారు పెట్టె మూత తీయించారు. తుపాకీతో ఒక గార్డును పెట్టారు. "ప్రభుత్వ కాలం ఏర్పడుచున్నది. దుమ్ము తుడవరాదు" అని బోర్డు వేలాడదీశారు. మాటలు నావే.

నిన్న మంత్రిగారు విలేకరులను వెంటేసుకుని వచ్చారు. భూతద్దం పట్టుకుని, ఖాళీ పెట్టె మీదికి తల వంచి, చాలాసేపు తీవ్రంగా ఆలోచించారు. ఉన్నట్టుండి ఒక్క కేక పెట్టారు.

"పడింది! తెల్లగా పడింది! చూడమ్మా, కొంపదీసి మంచుయుగం కాదు కదా?"

మేడమ్ భూతద్దం అందుకుని పెట్టెలోకి చూశారు. తర్వాత మంత్రిగారి భుజాల వైపు చూశారు.

"కాదు సార్," అన్నారు గంభీరంగా. "ఇది అచ్చంగా మీ హయాందే."