మొదటి భాగాన్ని దాచిన దుమ్ములగొండి

ఆ అడవి ఎంత పెద్దదంటే, ఒక చివర విడుదలైన సినిమా రెండో చివరకు చేరేసరికి హీరోకి మనవలు పుట్టేవాళ్లు. అందుకని అక్కడి జంతువులు థియేటర్ల మీద ఆశ వదులుకుని, ఎవరి గుహలో వాళ్లు, ఎవరి బొరియలో వాళ్లు డిస్కులు వేసుకుని చూసేవి. కరెంటు ఎక్కడిదని మీరు అడగకూడదు. పక్కనుంచి పోయే తీగకు కొక్కెం తగిలించడం కోతులకు బాగా వచ్చు.

డిస్కులు అమ్మే, అద్దెకిచ్చే కొట్టు ఎలుగుబంటి భద్రమ్మది. కొట్లో ఎన్ని సినిమాలున్నా, వానాకాలం వచ్చిందంటే అందరూ అడిగేది ఒక్కటే, ‘ఏటి ఒడ్డున గున్న’. తాబేలు సోమలింగం తీసిన సినిమా అది. కథంటూ పెద్దగా లేదు. వరదొచ్చి ఏనుగుపిల్ల ఈ ఒడ్డున, తల్లి ఆ ఒడ్డున చిక్కుకుంటాయి. రాత్రంతా ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి. తెల్లారేసరికి నీళ్లు తగ్గుతాయి, గున్న మెల్లగా నడుచుకుంటూ అవతలికి పోతుంది. అంతే. థియేటర్లో దాన్ని పట్టించుకున్నవాడు లేడు. ఇళ్లల్లోకి వచ్చాక మాత్రం, గున్న ఏట్లో కాలు పెట్టే చోట పులి కూడా ముఖం పక్కకు తిప్పుకునేది.

సోమలింగం ఆ సినిమా కోసం నిజం వరద వచ్చేదాకా ఒడ్డున కూర్చున్నాడని చెప్పుకునేవారు. సినిమా తీయడం తప్ప ఆయనకు మరో పని రాదు, మరో సరదా లేదు.

ఆ సినిమాకి నిర్మాత దుమ్ములగొండి గవర్రాజు. ఇంకొకళ్లు వేటాడింది తినడం ఆ జాతి అలవాటు, గవర్రాజు దాన్నే వ్యాపారంలోనూ పెట్టాడు. ఒకరోజు వచ్చి సోమలింగం పక్కన చేరాడు.

“బాబాయ్, గున్న రెండో భాగం తీద్దాం.”

“గున్న ఏరు దాటేసింది కదయ్యా. ఇంకేం తీస్తాం?”

“ఈసారి పెద్ద ఏరు పెడదాం.”

“అదీ దాటుతుంది.”

“మొసళ్లను పెడదాం.”

సోమలింగం తల లోపలికి లాక్కున్నాడు. తాబేళ్లతో వాదనకు దిగినవాళ్లకు ఉండే ఇబ్బంది అదే. గవర్రాజు డిప్ప మీద తడుతూ పొద్దు వాలేదాకా అక్కడే కూర్చున్నాడు. “సరే, ఇంకెవరిచేతనైనా తీయించుకుంటాలే” అన్నాక తల బయటికొచ్చింది. తన గున్నను ఇంకొకరి చేతుల్లో పెట్టడానికి సోమలింగానికి మనసొప్పలేదు.

అలా రెండో భాగం తయారైంది. చిక్కేమిటంటే, అప్పటి గున్న ఇప్పుడు బారెడు దంతాలున్న ఏనుగు. ఎంత పెద్ద ఏరు వెతికినా నీళ్లు దాని మోకాళ్లు దాటలేదు. అది “అమ్మా” అని పిలిస్తే అటు ఒడ్డున తల్లి వేషం కట్టిన ఏనుగు బెదిరి పారిపోయింది. గవర్రాజు ఏమీ అధైర్యపడలేదు. మొసళ్లను దింపాడు, వాటితో ఫైటు పెట్టాడు, ఫైటు మధ్యలో నెమళ్లచేత పాట పెట్టించాడు. సోమలింగం కెమెరా వెనక నిలబడి చెప్పిందల్లా తీశాడు.

ఇక్కడ ఆ అడవి ఆచారం ఒకటి చెప్పాలి. రెండో భాగం డిస్కు ఏది వచ్చినా, ప్రతి ఇంట్లోనూ మొదటి భాగం, రెండో భాగం ఒకదాని వెంట ఒకటి వేసుకుని చూడాలి. ఆ తర్వాత పౌర్ణమినాడు సినిమా సంఘం ముందు ఇంటికో ఆకు వేయాలి. మొదటిదానికి తూగిందనుకుంటే పచ్చాకు, లేదనుకుంటే ఎండుటాకు. ఎండుటాకులు ఎక్కువైతే ఆ దర్శకుడికి ఇక జన్మలో కెమెరా ఇవ్వరు. మరి నిర్మాతకు ఏ శిక్షా లేదేమని అడిగితే, నియమాలు పెట్టింది నిర్మాతలేనని భద్రమ్మ చెప్పేది.

సోమలింగం తిండి మానేశాడు.

“గవర్రాజూ, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నా పని అయిపోయినట్టే. కెమెరా పోతే నేనూ, ఒడ్డున పడున్న ఆ బండరాయీ ఒకటే.”

“పక్కన పెట్టడానికి మొదటిది ఉంటే కదా బాబాయ్” అన్నాడు గవర్రాజు. “థియేటర్లో రెండో భాగాలు ఎందుకు ఆడతాయి? మొదటిది జనానికి సగం మాత్రమే గుర్తుంటుంది కాబట్టి. ఇంట్లోనే వచ్చింది తంటా, రెండూ ఒకే గూట్లో ఉంటాయి.”

మర్నాడే వెళ్లి సినిమా సంఘం అధ్యక్షుడు అడవిదున్న అప్పలస్వామిని కలిశాడు.

“అధ్యక్షా, ‘ఏటి ఒడ్డున గున్న’ డిస్కులన్నీ చూసి చూసి గీతలు పడిపోయాయి. అది మన జాతి సంపద. నాకు అప్పగించమని ఒక్క ఆర్డరు వేయండి, మెరుగు పెట్టించి తెచ్చిస్తాను. అందాకా రెండో భాగాన్ని ఎవరికి గుర్తున్నంతలో వాళ్లు పోల్చుకుంటారు.”

జాతి సంపద అన్న మాట వినబడితే అప్పలస్వామికి లేచి నిలబడడం అలవాటు. నిలబడ్డాక ఊరికే కూర్చుంటే బాగుండదని ఆర్డరు వేశాడు. గవర్రాజు ఇల్లిల్లూ తిరిగి డిస్కులన్నీ పోగుచేసి తన బొరియలో పెట్టుకున్నాడు. నెల తిరిగేసరికి అందరూ మరిచిపోతారని అతని లెక్క.

వానలు పట్టుకున్నాయి. గున్నను చూసే కాలం, చూద్దామంటే గున్న లేదు. చూడటం కుదరనప్పుడు చేయగలిగింది మాట్లాడుకోవడమే కదా. అందరూ భద్రమ్మ కొట్టు చూరుకింద చేరారు.

“ఎంత ఏడిపించాడే ఆ సోమలింగం” అంది పిల్లల కోడిలా తిరిగే కుందేలు నరసమ్మ. “గున్న కొట్టుకుపోతుంటే తల్లి తొండం చాచుతుంది చూడు, అక్కడ నావల్ల కాదమ్మా.”

“తొండం అందదు వదినా” అంది భద్రమ్మ. “సరిగ్గా అప్పుడే మెరుపు మెరుస్తుంది.”

ముళ్లపంది విశ్వపతి గొంతు సవరించుకున్నాడు. ఆ అడవిలో సినిమాల మీద అభిప్రాయాలు చెప్పే ఉద్యోగం అతనిది. “గొప్పతనం మెరుపులో లేదు. మెరుపు తర్వాత వచ్చే చీకట్లో ఉంది. ఆ చీకట్లో తల్లి కళ్లు మాత్రమే కనిపిస్తాయి, గమనించారా?”

గమనించామన్నారు అందరూ.

సోమలింగం ఆ దారినే పోతూ ఆగాడు. “నేను మెరుపు తీయలేదే. గున్న కొట్టుకుపోను కూడా పోదు.”

“తను ఏం తీశాడో దర్శకుడికి ఎప్పుడూ తెలియదు సోమలింగం గారూ” అన్నాడు విశ్వపతి ఓర్పుగా. “అందుకే కదా మేమున్నది.”

వాన పెరిగినకొద్దీ సినిమా కూడా పెరిగింది. తల్లి పాడే జోలపాట ఒకటి చేరింది. గున్నను వీపుమీద మోసిన మొసలి ఒకటి చేరింది, దాని కంట్లో నీళ్లు నిజమైనవేనట. ఆ సినిమా చూస్తుంటే తడిమట్టి వాసన వచ్చేదని ఒక దుప్పి ఒట్టేసి చెప్పింది. అసలు చూడనే చూడనివాళ్లకు ఇంకా బాగా గుర్తుంది. సోమలింగానికి రోజూ ఆ చూరుకిందికి వెళ్లి ఒక పక్కన కూర్చోవడం అలవాటైంది. వింటూ వింటూ ఒకరోజు ఆయన కూడా కళ్లు తుడుచుకున్నాడు.

ఆ సమయంలో గవర్రాజు రెండో భాగం డిస్కును ఇళ్లల్లోకి దింపాడు. చూసినవాళ్లు చూసినట్టే లేచి ఎండుటాకులు ఏరుకోవడానికి బయల్దేరారు. వానకు ఆకులన్నీ తడిసిపోతే నరసమ్మ పొయ్యి దగ్గర పెట్టి ఆరబెట్టింది.

ఆ సంగతి తెలిసి గవర్రాజుకు చెమటలు పట్టాయి. మూడో భాగానికి అప్పటికే మొసళ్లతో మాట్లాడేసుకున్నాడు మరి.

“అసలు ఆ మొదటిదాంట్లో ఏముందని బాబాయ్? ఒక పిల్ల, ఒక ఏరు. డిస్కులు తిరిగిచ్చేస్తాను. చూసుకుంటే వాళ్లకే తెలుస్తుంది.”

సోమలింగం అతని కాలు పట్టుకున్నంత పని చేశాడు.

“వద్దు గవర్రాజూ. వాళ్ల దగ్గర ఇప్పుడున్న సినిమా నేను తీసినదానికంటే బాగుంది. దాన్ని అలాగే ఉండనీ.”

“ఉండనిస్తే నీ కెమెరా పోతుంది.”

“పోనీ” అన్నాడు సోమలింగం. మాటలో తడబాటు లేదు.

గవర్రాజు వినలేదు. ఆ సాయంత్రానికల్లా డిస్కులు ఎవరివి వాళ్లకు చేరాయి.

అడవంతా పనులు మానుకుని టీవీల ముందు కూర్చుంది. గున్న ఒడ్డున నిలబడి పిలిచింది. అవతల తల్లి పిలిచింది. మళ్లీ గున్న పిలిచింది. మెరుపు రాలేదు, తొండం రాలేదు. జోలపాట కోసం ఎదురుచూసిన కుందేలు పిల్లలు నిద్రపోయాయి. గున్న ఏట్లో కాలు పెట్టే చోట భద్రమ్మ కొంగు సిద్ధంగా పట్టుకుని కూర్చుంది. ఏడుపు రాకపోయేసరికి ఆమెకు చాలా బాధేసింది.

“ఇది ఆ సినిమా కాదు” అంది నరసమ్మ.

“మెరుగు పెట్టే వంకతో మంచి సీన్లన్నీ కత్తిరించారు” అన్నాడు విశ్వపతి. “ముఖ్యంగా చీకటి.”

పౌర్ణమినాడు సంఘం కూర్చుంది. అప్పలస్వామి నియమం ప్రకారం అడిగాడు. “మెరుపుల సంగతి తర్వాత చూద్దాం. ఇప్పుడు మీ ఇంట్లో ఉన్న మొదటిదానికి, మీ ఇంట్లో ఉన్న రెండోది తూగిందా లేదా?”

జనం ఆలోచించారు. రెండూ ఏడిపించలేదు. రెండింట్లోనూ ఏరుంది, ఏనుగుంది. ఆరబెట్టిన ఆకులు పక్కన పడేసి పచ్చాకులు తెంపుకొచ్చారు.

“రెండో భాగం మొదటి భాగానికి అన్ని విధాలా తూగింది” అని అప్పలస్వామి ప్రకటించి, తూగినందుకు లేచి నిలబడ్డాడు. గవర్రాజు మెడలో దండ పడింది. సోమలింగం కెమెరా సోమలింగానికే ఉండిపోయింది.

ఆ దండ వాడిపోకముందే జనం గవర్రాజు బొరియ చుట్టూ చేరారు. “అసలు డిస్కు ఎక్కడ దాచావు?” ఇదే అసలుదని అతను ఎంత మొత్తుకున్నా నమ్మినవాడు లేడు. అడవిపందులు బొరియను నాలుగు వైపులా తవ్వేశాయి. అప్పటినుంచి ఏటా వానలు మొదలవగానే గవర్రాజు ఇల్లు ఖాళీచేసి కొండమీదికి పోతాడు. మొదటి భాగాన్ని, రెండో భాగాన్ని భద్రమ్మ ఒకే అట్టపెట్టెలో పడేసి అటక ఎక్కించింది. అడిగినవాళ్లు లేరు.

సోమలింగం కెమెరా పట్టుకుని రోజూ ఏటి ఒడ్డుకు వెళ్లేవాడు. ఒకరోజు భద్రమ్మ వెతుక్కుంటూ వచ్చింది.

“అన్నయ్యా, పిల్లలు గోల పెడుతున్నారు. ఆ తొండం అందని సీను, ఆ మెరుపు, అదొక్కటీ మళ్లీ తీసి పెట్టకూడదా?”

సోమలింగం ఏటి వైపు చూశాడు.

“అంత బాగా తీయడం నాకు రాదమ్మా” అన్నాడు.

నీతి: మీ పాత సినిమా గొప్పదిగా మిగలాలంటే, దాన్ని జాగ్రత్తగా పోగొట్టుకోండి.