నూటికి నూరు తెచ్చుకున్న గంగులు

ఇకపై జిల్లాలో టీ కాయడం రాదన్న కారణంతో ఏ దివ్యాంగుడూ ఉద్యోగం పోగొట్టుకోడని జగన్నాధంగారు విజయనగరంలో మైకు ముందు ప్రకటించారు. ఆయన నిత్యజీవన నైపుణ్యాల శాఖకు డైరెక్టరు. కుర్చీ జరిపిందీ, కళ్లజోడు తుడిచి ముక్కుమీద పెట్టిందీ అటెండరే అయినా, ప్రకటన మాత్రం ఆయన స్వయంగా చేశారు.

గజపతినగరం నుంచి లక్ష్మణమ్మ కొడుకును తీసుకుని వచ్చింది. గంగులుకు ఇరవై నాలుగేళ్లు. బుద్ధి ఎదుగుదల తక్కువని సర్టిఫికెట్ ఉంది. దివ్యాంగుల కోటాలో డైరెక్టరుగారి ఆఫీసులోనే ఒక పోస్టు ఉంది. దానికోసం ఆవిడ ఆరేళ్లుగా కొడుక్కి టీ కాయడం, బట్టలుతకడం, నలుగురితో మాట్లాడటం నేర్పింది. ఒక్క చొక్కా గుండీలకే ఏడాది పట్టింది. తను పోయాక వాడి బతుకేమిటన్నదే ఆవిడ దిగులు.

ఆ పోస్టుకు పెట్టిన నైపుణ్యాల పరీక్ష మహా పకడ్బందీగా జరిగింది. గంగులు టీ కాచాడు, చొక్కా మడతపెట్టాడు, వచ్చినవాళ్లందరికీ కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. అటెండరు భోజనానికి వెళ్లడంతో డైరెక్టరుగారికి మంచినీళ్ల సీసా మూత రాలేదు. దాన్నీ గంగులే తీసిచ్చాడు. జగన్నాధంగారు ముచ్చటపడి నూటికి నూరు వేశారు.

లక్ష్మణమ్మ చేతులు జోడించింది. "ఎప్పుట్నుంచి పన్లోకి రమ్మంతారు బాబూ?"

"పనేమిటమ్మా? అన్నీ వచ్చినవాడు దివ్యాంగుడెలా అవుతాడు? కోటా వర్తించదు," అని ఆయన అభినందించి, తల్లీకొడుకులతో ఫొటో కూడా దిగారు.

పోనీ మామూలు పోస్టు ఇప్పించమంటే, దానికి సర్టిఫికెట్ అడ్డొస్తుందట.

"అయితే ఎన్ని తప్పులు సేస్తే ఉజ్జోగం వస్తాది?"

ఆయన రూల్సు పుస్తకం తెప్పించి, పేజీలు తిప్పించి, మార్కులు అరవై దాటకూడదన్నారు. మళ్లీ పరీక్ష వచ్చే నెలలోనట.

లక్ష్మణమ్మకు ఒళ్లు మండిపోయింది. అయినా ఏం చేస్తుంది, బస్టాండులోనే పాఠం మొదలుపెట్టింది. శ్రీకాకుళం బస్సు చూపించి, అదెక్కరా అంది.

గంగులు వెళ్లాడు, కండక్టరును మర్యాదగా అడిగాడు, తిరిగొచ్చాడు. అది మనూరు ఎల్లదంట అన్నాడు.

"ఎల్లకపోయినా ఎక్కాల. తప్పు సెయ్యడం నేర్సుకోవాల్రా నాయినా."

సరేనని మళ్లీ వెళ్లాడు. మెట్టుమీద కాలు పెట్టాడు, బోర్డు చదివాడు, దిగొచ్చేశాడు. మూడోసారీ అంతే. ఆవిడకు ఏడుపాగలేదు. అది చూసి గంగులు సంచీ తన భుజానికి తగిలించుకుని, తల్లి చెయ్యి పట్టుకున్నాడు.

"బెంగెట్టుకోకమ్మా. మన బస్సు వస్తాది. నాను సూస్తన్నాను కదా," అన్నాడు.