రెండడుగుల బేరం

ఆ ఉదయం టైలరు గారి పథకం చాలా సులువైనది. పదింటికి కేబులు, ఇంటర్నెట్ బిల్లు తగ్గించమని కంపెనీకి ఫోను. పదకొండింటికి కూతురు కంప్యూటర్ ముందు కూర్చుని ఉద్యోగానికి ఇంటర్వ్యూ. మూడు ఉద్యోగాలు అందినట్టే అంది చేజారాయి; ఇదైనా రాకపోతే పిల్ల డీలా పడిపోతుందని ఆయనకు గుబులుగానే ఉంది.

బిల్లు సంగతి ఎక్కించింది పక్కింటి ప్లీడరు గారు. "అంత కడుతున్నారా? నేను గట్టిగా మాట్లాడి సగానికి దించాను" అని గోడ మీదుగా మీసం దువ్వారు.

టైలరు గారికి వచ్చిన బేరం ఒక్కటే. తన ధర చెప్పి, కాదంటే వెనుదిరిగి రెండడుగులు వేయడం. మూడో అడుగు పడేలోపు కొట్టువాడు పిలిచి తీరాలి. ముప్పై ఏళ్లుగా దారాలూ బొత్తాలూ అలాగే కొన్నారు. కంపెనీ అమ్మాయి తగ్గించడం కుదరదనగానే, "అయితే వద్దులేమ్మా, కనెక్షన్ తీసేయండి" అని ఫోను పెట్టేసి, పిలుపు కోసం ధీమాగా కూర్చున్నారు.

పిలుపు రానే వచ్చింది. "మీరు కోరినట్టే తీసేశాం సార్. ఇన్నాళ్లూ మాతో ఉన్నందుకు థాంక్స్."

అప్పటికి పదిన్నర దాటింది. తీసేసిన కనెక్షన్ మళ్లీ కలపడం మా పద్ధతిలో లేదంది కంపెనీ. ఆ ఇంట్లో ఫోనులో మాటలే ముక్కలు ముక్కలుగా వినిపిస్తాయి, ఇక బొమ్మేం కదులుతుంది? తండ్రీకూతుళ్లు పక్కింటికి పరుగెత్తారు. ప్లీడరు గారు గుమ్మంలో తల గోక్కుంటూ, మా ఇంట్లోనూ నెట్ రావడం లేదన్నారు. లోపల్నుంచి ఆయన భార్య గొంతు వినిపించింది.

"వాళ్లది పోతే మనకెలా వస్తుందండీ?"

ప్లీడరు గారు సగానికి దించింది బేరంతో కాదు, తన ఇంటర్నెట్ మానేసి. నిరుడు ఒక్క పూటకని అడిగిన పాస్‌వర్డ్‌తోనే ఏడాదిగా నెట్టుకొస్తున్నారు.

టైలరు గారి భార్య కాజాలు కుడుతున్న చొక్కా పక్కన పెట్టి, అదే కంపెనీకి ఫోను చేసి, తన పేరు మీద కొత్త కనెక్షన్ అడిగింది. కొత్తవాళ్లకు ఏడాదిపాటు సగం ధరేనట. తీగ అదే, పెట్టె అదే. పదకొండుకు రెండు నిమిషాలుండగా పచ్చదీపం వెలిగింది. మధ్యాహ్నానికల్లా పిల్లను సోమవారం వచ్చి చేరమన్నారు. టైలరు గారి కళ్లు చెమర్చాయి.

"చూశావా, సగానికి దించాను" అన్నారాయన. ఆవిడ పళ్లతో దారం తెంపింది.

సాయంత్రం ప్లీడరు గారు గోడ దగ్గరికి వచ్చి, కొత్త పాస్‌వర్డ్ ఏమిటని మెల్లగా అడిగారు.

"సగం బిల్లు మీరు కడితే చెబుతానండీ" అంది టైలరు గారి భార్య.

"అయితే వద్దులేమ్మా" అని ఆయన వెనుదిరిగి రెండడుగులు వేశారు. ఆగి, మూడోది కూడా వేశారు.

ఎవరూ పిలవలేదు.