ప్రశాంత మందిరంలో కిటికీ

బడిలో పిల్లలకు మనుషులు దండగ! మంచి గది ఒకటుంటే చాలు. ఈ మాట ఆషామాషీగా అనడం లేదు. ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో మా ఊరి బడి పాలకమండలిలో తొమ్మిదేళ్లుగా కుర్చీ అరగదీస్తున్న అనుభవంతో అంటున్నాను.

మా బడిలో బ్రయనీ అని ఏడేళ్ల పిల్ల ఉంది. కన్నవాళ్లకు దూరమై, సర్కారు సంరక్షణలో నాలుగిళ్లు మారి, చివరికి రోవెనా అనే ఆవిడకు దత్తత వెళ్లింది. అలాంటి పిల్లల కోసం ప్రభుత్వం బడికి అదనంగా నిధులిస్తుంది. రోవెనా దత్తత కాగితం తెచ్చి చూపించింది, నిధులొచ్చాయి. ఎంత తెలివైన ఏర్పాటు!

బ్రయనీకి ఒకటే చిక్కు. పొద్దున్నే గేటు దగ్గర కొయ్యబారిపోతుంది. దింపి వెళ్లిన రోవెనా సాయంత్రం మళ్లీ వస్తుందో రాదో అని భయం. భోజనాలు వడ్డించే మారీన్ పెందలాడే వచ్చి, "రా బంగారం, జగ్గులు ఎదురుచూస్తున్నాయి" అని చెయ్యి పట్టుకునేది. ఇద్దరూ కలిసి మంచినీళ్లు నింపేవారు. పది నిమిషాల్లో పిల్ల క్లాసులో ఉండేది.

ఎంత నాటు వైద్యం! బడి తనిఖీకి ఇన్‌స్పెక్టర్లు వస్తే చూపించుకోవడానికి ఏముంది?

అందుకని మారీన్‌కి పొద్దుటి పని తీసేసి, ఆ నిధులతో ప్రశాంత మందిరం కట్టాం. బుడగలు తేలే దీపం, మెత్తటి దిండ్లు, రికార్డు చేసిన తిమింగలం పాటలు, గోడ మీద ఏడుపూ నవ్వూ చూపే పదహారు రకాల మొహాల చార్టు! వాడుకునే పద్ధతి కూడా సులువే. ఏడుపు రాబోతున్నట్టు ముందురోజు మూడింటిలోగా ఫారం నింపి ఇవ్వాలి. తాళంచెవి హెడ్‌మిస్ట్రెస్ మిసెస్ థ్వైట్ దగ్గర ఉంటుంది.

"గది ఎవరడిగారండీ? మారీన్‌ని మళ్లీ పొద్దున్నే రమ్మనండి చాలు," అంది రోవెనా.

"మారీన్ చేతిలో జగ్గు తప్ప ఏముందమ్మా? నివేదికలో ఏమని రాయమంటారు?" అన్నారు మిసెస్ థ్వైట్. పాయింటే కదా! రోవెనా మర్నాడు గేటు దగ్గర నలభై నిమిషాలు నిలబడింది, పిల్లతో సహా.

మొన్న ఇన్‌స్పెక్టర్ వచ్చారు. మందిరం తెరిపించి, బ్రయనీని దిండు మీద కూర్చోబెట్టాం.

"ఇక్కడ నీకేం బాగా నచ్చింది తల్లీ?" అన్నారాయన.

దీపం అంటుందని మేమంతా దాన్నే చూస్తున్నాం.

"కిటికీ," అంది. "దాన్లోంచి భోజనాల హాలు కనిపిస్తుంది. మధ్యాహ్నం మారీన్ వస్తుంది."

చూశారా కృతజ్ఞత! ఆ సాయంత్రమే అత్యవసరంగా సమావేశమయ్యాం. మనుషులు కనిపిస్తే ప్రశాంతత చెడుతుంది కనుక, బ్రయనీ కోసం వచ్చిన నిధుల్లోంచే కిటికీకి మందపాటి పరదా కుట్టించాలని తీర్మానించాం. పదకొండు మందిమి చేతులెత్తాం. ముందుగా ఎత్తింది నేనే.

మర్నాడు కుక్కను తిప్పుతూ బడి ముందు నుంచి వెళ్లాను. బ్రయనీ గేటు ఊచ పట్టుకుని నిలబడి ఉంది. రెండో చెయ్యి నావైపు చాచింది.

నాకు సిగ్గేసింది. ముందురోజు అంత చురుగ్గా లేచిన చెయ్యి జేబులోంచి బయటికి రాలేదు.